అడిగిన ధరకు గోల్ఫ్ సరుకు

గోల్ఫ్ ఆటను నేను ఇప్పటికీ టీవీలో తప్ప చూడలేదు. ఆ ఆటకు పచ్చిక కావాలి, పనిలేని పొద్దు కావాలి. మా కడపలో రెండూ దొరకవు. అయినా కంప్యూటర్ అంటే ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, ఆ ఆట సామాన్లను నెట్‌లో పెట్టి దేశమంతా అమ్మాను. ఎంత ముందుచూపు అని ఎవరైనా అంటే నేను కాదనను, ఊరికే వచ్చిన మెప్పును వద్దనడం మా ఇంటా వంటా లేదు. నిజం చెప్పాలంటే అది ముందుచూపు కాదు, నోటి దురద.

మాది బట్టల అంగడి. నాయన గద్దె మీద, అన్న ఆయన పక్కన. నేను ఎదురుగా నిలబడి చీరలు విప్పి చూపించేవాణ్ణి, కొననివాళ్ళు పోయాక మళ్ళీ మడిచేవాణ్ణి. మా ఇంట్లో పిల్లలకు ఎక్కాల కంటే ముందు బేరం వస్తుంది. నేను కూరగాయల బండి దగ్గరా, ఆటోవాడి దగ్గరా, చివరికి గుడి బయట చెప్పులకు కాపలా ఉండే అవ్వ దగ్గర కూడా బేరమాడేవాణ్ణి. మిగుల్చుకోవాలని కాదు. తెలియని మనిషితో మాట కలపడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

అయితే మా అంగళ్ళలో ఒక కట్టు ఉంది. మీరు నోరు తెరిచి ఒక ధరకు అడిగాక అవతలివాడు ‘తీసుకో’ అన్నాడంటే ఇక మాట తిప్పకూడదు. వస్తువు అక్కరలేకపోయినా మోసుకుపోవాల్సిందే. అడిగి, ఇస్తానన్నాక వదిలేసి పోయినవాడికి ఆ బజారులో మళ్ళీ ఎవరూ సరైన ధర చెప్పరు. అందుకే మావాళ్ళు అక్కరలేనిదాని ధర కనుక్కున్నా, తమ నోటితో మాత్రం ఒక అంకె చెప్పరు. ఈ సంగతి నాయన నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు.

ఆ ఏడు వేసవిలో సరుకు కోసం మద్రాసు పోయాను. పాత వాడుకతో ఒక వ్యాపారి గోడౌన్‌లో కూర్చున్నాను. ఆ వ్యాపారి తెలుగాయనే. మూలన అట్టపెట్టెలు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి.

“ఏందన్నా అవి?” అన్నాను.

“గోల్ఫ్ సామాన్లు. ఎవరో బయటి దేశం నుంచి తెప్పించి విడిపించుకోలేదు. వేలంలో నా మెడకు చుట్టుకున్నాయి. బంతులు, గ్లౌజులు, టోపీలు. కావాలా?”

టీ చెప్పి పంపాడు, ఇంకా రాలేదు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. మొత్తం ఎంత అని అడిగాను, ఆయనొక ధర చెప్పాడు. అందులో నాలుగో వంతుకు అడిగాను. ఆయన నవ్వి వేరే మాట ఎత్తుకుంటాడనుకున్నాను. నన్నొకసారి, పెట్టెలనొకసారి చూసి, “తీసుకో” అన్నాడు.

టీ వచ్చింది. తాగలేకపోయాను.

పెట్టెలు ఇల్లు చేరిన రోజు నాయన గద్దె దిగి వచ్చి ఒక బంతిని తీసి చూశాడు. తెల్లగా, ఒళ్ళంతా చిన్న చిన్న గుంటలతో ఉంది.

“ఆయన అంటగట్టినాడా, నువ్వే అడిగినావా?”

“నేనే అడిగినా నాయనా.”

“ఎంతకి?”

చెప్పాను. నాయన కళ్ళలో ఒక్క క్షణం వెలుగు కనిపించింది. ధర అంత చౌక. వెంటనే ఆ వెలుగును లోపలికి లాక్కున్నాడు.

“బేరం బాగనే చేసినావు. ఎవురికి అమ్ముతావు?”

అప్పటికే కర్నూలు పాత ఊళ్ళో నాయన ఇంకో అంగడికి గది మాట్లాడి ఉన్నాడు. కడప గద్దె అన్నకు, కర్నూలు గద్దె నాకు అని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు. ఆ గద్దె మీద పరుపుకు ఏ గుడ్డ కుట్టించాలో కూడా ఎంచిపెట్టుకున్నాను. ఒకరి ముందు నిలబడి మడతలు పెట్టే బతుకు చాలనిపించిన వయసు అది.

“దసరాకు కర్నూలు అంగడి తెరుస్తాండా,” అన్నాడు నాయన. “ఆలోగా ఈ పెట్టెలు ఖాళీ అయితే నువ్వు పోయి కూచో. కాకుంటే మీ బావను పిలిపిస్తా. తెచ్చిన సరుకు అమ్మలేనోనికి అంగడి ఎట్లిచ్చేది?”

బావ అంటే మా అక్క భర్త. ఆత్మకూరులో చిన్న కొట్టు నడిపేవాడు. నెమ్మదస్తుడు, నిజాయితీపరుడు, ఎవరితోనూ పేచీ లేనివాడు. నా భయమంతా అదే.

మొదట టోపీలు తీసుకుని ఎర్రగుంట్ల పోయాను. సిమెంటు ఫ్యాక్టరీల బయట లారీలు బారులు తీరి ఉంటాయి, ఎండకు టోపీ ఎవరికైనా కావాలి. ఒక డ్రైవరు టోపీని తిప్పి తిప్పి చూసి, దాని మీద కుట్టిన బొమ్మను వేలితో పొడిచాడు.

“ఏమప్పా, ఈ మనిషి ఏం చేస్తాండాడు?”

“గోల్ఫ్ ఆడతాండాడు.”

“నేను గడ్డి కోస్తాండాడనుకుంటి. ఆటకైతే నాకొద్దు, పనికైతే చెప్పు, ఇస్తావా సగానికి?”

టోపీలు అలా పోయాయి. బంతులు పట్టుకుని ఒక ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో పెద్ద ఉద్యోగి ఒకాయన్ను కలిశాను. ఆయన బంతుల డబ్బా చూసి పాత స్నేహితుడు కనిపించినట్టు ముచ్చటపడ్డాడు.

“ఈ దుమ్ములో ఆడేదెక్కడయ్యా? హైదరాబాదు పోయినప్పుడు ఆడతాను. ఇవి కొనేవాళ్ళు బెంగుళూరులో, ఢిల్లీలో ఉంటారు. నెట్‌లో పెట్టు. నువ్వు కడపలో ఉంటే వాళ్ళకేం, కాశీలో ఉంటే వాళ్ళకేం?”

ఒక డబ్బా తీసుకుని, నేను చెప్పినంతా ఇచ్చి పంపాడు. పెద్ద జీతగాడు, బేరమాడడం నామోషీ అనుకుంటాడు కాబోలని తిరిగొచ్చేశాను. అది కాదని తెలుసుకోవడానికి నాకు ఇంకా చాలా నాళ్ళు పట్టింది.

ఇంటికొచ్చి గ్లౌజుల పెట్టెలు అప్పుడు విప్పాను. మెత్తటి తెల్లని తోలు. ఒక్కో కవరులో ఒక్కో గ్లౌజు. రెండోది లేదు. ఇంకో కవరు విప్పాను, అదీ ఎడమ చేతిదే. పెట్టెకు పెట్టె ఎడమ చేతులే. మద్రాసుకు ఫోన్ చేశాను.

“అన్నా, అన్నీ ఎడమ చేతివే వచ్చినాయి. కుడి చేతివి యాడున్నాయి?”

“నాకేం తెలుసయ్యా? కొనేటప్పుడు విప్పి చూసుకున్నావా?”

“లేదు.”

“నేనూ చూడలేదు.”

అంత తేలిగ్గా ‘తీసుకో’ ఎందుకన్నాడో అప్పుడు అర్థమైందనుకున్నాను. వెతగ్గా వెతగ్గా అడుగున ఒక చిన్న పెట్టెలో కొన్ని కుడి చేతివి దొరికాయి. అమ్మా నేనూ కూర్చుని చిన్నా పెద్దా చూసి ఎడమకు కుడిని కలిపి జతలు చేశాం. అమ్మ ఒక్కో జతకు పూలు కట్టినంత పొందిగ్గా దారం కట్టింది. జత దొరకని ఎడమ చేతులన్నిటినీ ఒక గోనెసంచిలో కుక్కి అటకెక్కించాను.

మా వీధి చివర ఇంటర్నెట్ సెంటర్ పెట్టిన స్నేహితుడు నాకు వెబ్‌సైట్ చేసిపెట్టాడు. మా అంగడి తెల్ల పరుపు మీద జతలు పేర్చి ఫోటోలు తీశాం. ధరల దగ్గరికొచ్చేసరికి నేను మా ఇంటి పద్ధతిలోనే పోయాను. గిట్టుబాటు ధర ఒకటి, దాని మీద మొదటి తగ్గింపుకు చోటు, ఆ మీద లేచి పోబోతూ వెనక్కి తిరిగేవాళ్ళ కోసం ఇంకాస్త చోటు.

“ఇంత రేటా? ఎవురు కొంటారప్పా?” అన్నాడు స్నేహితుడు.

“తగ్గిస్తాం లే. అడగనీ.”

“యాడ అడుగుతారు?”

ఏం ప్రశ్న ఇది అనుకున్నాను. ధర చెబితే మనిషి అడుగుతాడు. అడగక ఏం చేస్తాడు?

ఏం చేస్తాడో తొందరలోనే తెలిసింది. వెబ్‌సైట్ అడుగున వచ్చిపోయినవాళ్ళ లెక్క చూపే అంకె ఒకటి ఉండేది. అది రోజూ కొద్దికొద్దిగా పెరిగేది. అందులో సగం నేనే. కానీ మిగతా సగం నిజంగా మనుషులే. ఏ ఊరివాళ్ళో వస్తున్నారు, చూస్తున్నారు, పోతున్నారు. ఒక్కరూ నోరు తెరవరు.

అంగడిలో మనిషి మెట్టు దిగుతున్నాడంటే బేరం తెగిపోయిందని కాదు, అప్పుడే మొదలైందని. వీపు చూస్తే చాలు మాకు తెలిసిపోతుంది, ఈ వీపు పిలిస్తే తిరుగుతుంది, ఈ వీపు తిరగదు అని. ‘రాప్పా, నువ్వెంతకిస్తావో చెప్పు’ అని నాయన పిలిచే పిలుపుకు వీధి మలుపు దాకా పోయినవాళ్ళు కూడా వెనక్కి రావడం చూశాను. ఇక్కడేమో నా సరుకు ముందు నిలబడ్డ మనిషికి ముఖం లేదు, వీపు కూడా లేదు. పోయాడని తెలిసేసరికి పోయి ఉంటాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరినైనా వెనక్కి పిలవాలని గొంతు దాకా వచ్చి, పిలవడానికి ఎవరూ లేక ఊరుకోవడం ఎంత ఇబ్బందో అప్పుడు తెలిసింది.

శ్రావణమాసం అమ్మకాల నాటికి ఒక్క పార్సెలూ కదల్లేదు. అన్న నన్ను చూసి జాలిపడడం మొదలుపెట్టాడు. వెక్కిరించినా బాగుండేది. ఆ రోజుల్లోనే బావ వచ్చాడు. అక్క పంపిన పచ్చడి జాడీ అమ్మ చేతికిచ్చి, నా పక్కన కూర్చున్నాడు.

“మొన్న కర్నూలు పోయినప్పుడు గది చూసొచ్చినాలేప్పా. పడమటి ఎండ నేరుగా గద్దె మీదికొస్తాది. పరదా ఒకటి కావాల.”

ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. పరదా సంగతి నిజం కూడా. నాకు మాత్రం ఎంచిపెట్టుకున్న పరుపు గుడ్డ మీద ఎవరో కూర్చున్నట్టయింది.

మర్నాడే స్నేహితుడి దగ్గరికి పోయి, వెబ్‌సైట్ నెత్తిన పెద్ద అక్షరాలతో ఒక మాట పెట్టించాను: ధర మాట్లాడుకోవచ్చు, ఫోన్ చేయండి. కింద అంగడి నంబరు. నవ్వొచ్చినా నవ్వకుండా పెట్టాడు.

వినాయకచవితి పోయిన కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, అంగడి ఖాళీగా ఉన్న వేళ ఫోన్ మోగింది. హైదరాబాదు నుంచి ఒక పెద్దావిడ.

“మీ దగ్గర కుడి చేతి గ్లౌజు ఉన్నట్టు ఫోటోలో చూశాను. నిజంగా ఉందా?”

“ఉందండీ. జత ఉంది.”

“జత నాకెందుకండీ? కుడిది ఒక్కటి చాలు.”

“మేము జత విడగొట్టమండీ,” అన్నాను. చెప్పుల అంగడివాడు కూడా అంతకంటే ఖచ్చితంగా అనలేడు.

అవతల నవ్వు వినిపించింది, ఆపుకోబోయి ఆపుకోలేకపోయిన నవ్వు.

“బాబూ, గోల్ఫ్‌లో గ్లౌజు ఒక చేతికే వేసుకుంటారు. కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ చేతికి. నాది ఎడమచేతి వాటం, కాబట్టి నాకు కుడి చేతికి కావాలి. అది ఏ షాపులోనూ పెట్టరు, ఎవరో నాలాంటివాళ్ళకు తప్ప అక్కర్లేదు కదా. మీరు రెండూ కలిపి ఎందుకు కట్టారో నాకు ఇప్పటిదాకా అర్థం కాలేదు.”

నా కళ్ళు అటక మీదికి పోయాయి. అక్కడ గోనెసంచిలో దేశంలోని కుడిచేతి వాటం వాళ్ళందరికీ కావలసిన సరుకు, నేను అక్కరలేదని కట్టిపడేసింది, చక్కగా కూర్చుని ఉంది.

కుడిదాని ధర చెప్పాను. తగ్గింపులకు చోటుంచి చెప్పిన ధరే.

“సరే. ఎలా పంపమంటారు డబ్బులు?”

సరే అంది. అంతే. ఎదురుగా గోడ ఉంటుందని తోసిన మనిషికి గోడ లేకపోతే ఎలా ఉంటుంది? తూలిపడ్డాను.

“కాస్త తగ్గించి ఇస్తాలేండి,” అన్నాను.

“నేను అడగలేదే.”

“బోణీ బేరమండీ. ఇంకొంచెం కూడా తగ్గించుకోండి.”

“మీరు మీతోనే బేరమాడుకుంటున్నారు,” అంది ఆవిడ. మళ్ళీ నవ్వబోయి, ఎందుకో ఆగి, నెమ్మదిగా చెప్పింది. “చూడండి, మీ ధరలు చూసి నేనూ వెళ్ళిపోయేదాన్నే. కుడి చేతిది ఇంకెక్కడా లేదు కాబట్టి ఆగాను. ధర ఎక్కువనిపిస్తే మాలాంటివాళ్ళు అడగరు. మూసేసి ఇంకొకరి దగ్గరికి పోతారు. మీరు ఎంతకు ఇవ్వగలరో అదే రాయండి.”

ఆ సాయంత్రం నాయనకు ఈ మాట చెబితే గద్దె మీద సర్దుకుని కూర్చున్నాడు.

“చివరి మాట ముందే చెప్పేస్తే ఇంక మాట్లాడేదేముండాది?”

“మాట్లాడరంట నాయనా.”

“మాట్లాడకుండా కొంటారా?”

“కొంటారంట.”

“అదేం మనుషులురా,” అన్నాడు. కోపంతో కాదు, దిగులుగా.

ఆయన దిగులు నాదీ. చివరి ధర మొదటే రాయడమంటే బజారులో చొక్కా విప్పి నిలబడినట్టు ఉంటుంది. బేరం అంటే ఒకరినొకరు మోసం చేసుకోవడమని చదువుకున్నవాళ్ళు అంటుంటారు. మేమెప్పుడూ అలా అనుకోలేదు. ధర దిగే ఆ కాసేపట్లో ఇంటి సంగతులు వస్తాయి, పెళ్ళి ఎవరికో తెలుస్తుంది, పంట ఎలా పోయిందో తెలుస్తుంది. నాయన కొందరికి తగ్గించేది వాళ్ళ బేరానికి కాదు, వాళ్ళు చెప్పినదానికి. నేను రాయబోయే ధరకు ఎవరి పంట సంగతీ తెలియదు. అందరికీ ఒకటే. అందులో న్యాయం ఉంది. పలకరింపు లేదు.

అయినా రాశాను. కర్నూలు గద్దె కళ్ళ ముందు ఉంది మరి. ధరలన్నీ చివరి మెట్టుకు దించాను. అమ్మ కట్టిన దారాలు తెంపి జతలన్నీ విడగొట్టాను. ‘ఇన్ని పూలు కట్టి మళ్ళా నలిపినట్టుండాది’ అంది అమ్మ. గోనెసంచి అటక దిగింది. ఎడమ చేతి వాటం వాళ్ళ కోసం కుడి చేతివి విడిగా దొరుకును అని ఒక వరుస పెట్టించాను.

ఆవిడ డబ్బు బ్యాంకులో పడింది. నాయన బోణీ ఏదని అడిగాడు.

“బ్యాంకులో ఉండాది నాయనా.”

“కండ్లకద్దుకునేదెట్ల?”

బ్యాంకుకు పోయి ఒక నోటు తీసి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు. ఆ తర్వాత ఆయనకు ఈ వ్యాపారం మీద కాస్త నమ్మకం కలిగింది.

ఆవిడ తన క్లబ్బులో నలుగురికి చెప్పింది. వాళ్ళు ఇంకెవరికో చెప్పారు. బెంగుళూరు, పూణె, ఊటీ. కుడి చేతివి ముందు అయిపోయాయి. దొరకనిదాని కోసం వచ్చినవాళ్ళు పోతూ పోతూ దొరికేవి కూడా కొన్నారు. మా అంగడిలో అందరికీ కావలసినదే పెట్టేవాళ్ళం. ఎక్కడో ఒక్కరికి మాత్రమే కావలసిన వస్తువుకు కూడా ఒక అంగడి ఉండొచ్చని నాకు అంతకుముందు తట్టలేదు. చిన్న చిన్న పార్సెళ్ళను మా అంగడి మిగులు గుడ్డలోనే పెట్టి కుట్టేవాళ్ళం. మెట్టు దిగిపోతున్న ఒక్కో పార్సెల్‌ను నాయన గిరాకీని సాగనంపినట్టు కళ్ళతో సాగనంపేవాడు.

గ్లౌజులన్నీ పోయాయి, కానీ బంతులు మిగిలిపోయాయి. అవి బరువు. ఢిల్లీకి పంపే ఖర్చు బంతి ధరను మించేది. దసరా ముందు రోజు వరకూ రెండు పెద్ద పెట్టెలు గద్దె పక్కనే ఉన్నాయి. బావ ఆ ఉదయమే ఆత్మకూరు నుంచి వచ్చాడు. మర్నాడు కర్నూలు పోవాలి. ఎవరు కూర్చోవడానికి పోవాలో ఇంకా ఎవరూ అనలేదు.

నాయన పెట్టెలవైపు చూశాడు.

“ఇవి ఉండాయి గదరా.”

“ఉండాయి నాయనా.”

“ఖాళీ అయితేనే గదా అంటి.”

“అంటివి.”

పెట్టెలోంచి ఒక బంతి తీసి అరచేతిలో దొర్లించాడు.

“మొత్తం ఎంతకిస్తావు?”

నాకు అర్థం కాలేదు. “ఒకటే ధర నాయనా. కంప్యూటర్‌లో ఉండేదే.” అంకె చెప్పాను.

“నాలుగో వంతుకిస్తావా?”

బావ నవ్వాడు. అన్న నవ్వలేదు, నావైపు చూశాడు. నేను నాయన ముఖం చూశాను. బేరమాడేటప్పుడు ఆయన ముఖంలో ఏమీ కనిపించదు, అప్పుడూ కనిపించలేదు. అక్కరలేనిదానికి అంకె చెప్పకూడదని నాకు నేర్పిన మనిషి, ఎదురుగా కూర్చుని, అక్కరలేని సరుకుకు అంకె చెప్పాడు.

“తీసుకో నాయనా,” అన్నాను.

అన్న లేచి టీ చెప్పి వచ్చాడు. టీ వచ్చింది. నాయన తాపీగా తాగి, గ్లాసు కింద పెట్టి, నడుముకున్న గుత్తిలోంచి కర్నూలు తాళం ఊడదీసి నా ముందు పెట్టాడు.

“పరదా మర్సిపోవద్దప్పా,” అన్నాడు బావ. ఆయన మంచితనాన్ని అప్పటిదాకా నేను తప్పుగా లెక్కగట్టానని ఆ మాటతో తెలిసింది.

కర్నూలు గద్దె పక్కన కంప్యూటర్ కూడా పెట్టుకున్నాను. పెద్ద పెద్ద కంపెనీలు ఆ వ్యాపారంలోకి దిగేదాకా గోల్ఫ్ సరుకు తెప్పించి అమ్ముతూనే ఉన్నాను. గద్దె మీద కూర్చుని చీరలకు పది మెట్లు దిగేవాణ్ణి, పక్కకు తిరిగి గ్లౌజులకు ఒకటే మాట చెప్పేవాణ్ణి. పడమటి ఎండకు పరదా వేయించాను.

నాయన ఆ బంతులను ఏం చేసుకున్నాడంటే, స్కూలు యూనిఫారం కొన్న ప్రతి ఇంటికీ ఒకటి ఇచ్చాడు. ఆయన ఆ రోజు నిజంగా చౌకగా కొట్టేద్దామనే అడిగాడో, నా కోసమే తన నోటితో ఆ అంకె చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడగాలని చాలాసార్లు అనుకుని ఊరుకున్నాను. ఆయన గద్దె మీది మనిషి. నాకెంత తెలుసుకోవాలని ఉందో కనిపెట్టాడంటే జవాబుకు కూడా ధర పెంచుతాడు.